201వ యూనిట్

తెలంగాణలో ఒక ఇంటికి నెలకి సరిగ్గా 200 యూనిట్లు కాలితే ఎనర్జీ ఛార్జీ 820 రూపాయలు. అదే ఇంట్లో ఇంకొక్క యూనిట్ కాలి 201 అయితే 1027 రూపాయల 70 పైసలు. ఆ ఒక్క 201వ యూనిట్ ఖరీదు అక్షరాలా 207 రూపాయల 70 పైసలు అన్నమాట. ఫిక్స్‌డ్ ఛార్జీ, కస్టమర్ ఛార్జీ లాంటివి వీటికి అదనం, వాటిని పక్కన పెడుతున్నాను.

ఎలా అంటారా? 2022-23 నుంచి ఉన్న రేట్ల ప్రకారం నెల వాడకం 200 యూనిట్ల లోపు ఉంటే మొదటి వందకి యూనిట్‌కి 3.40, తర్వాతి వందకి 4.80 వేస్తారు. (100 లోపు వాడేవాళ్లకి ఇంకా తక్కువ రేట్లు ఉన్నాయి.) 200 దాటిందంటే ఇల్లు వేరే కేటగిరీలోకి వెళ్తుంది. అక్కడ మొదటి 200 యూనిట్లకి కూడా 5.10, ఆ పైన 7.70. దాటిన ఒక్క యూనిట్‌కే కాదు, వెనక్కి వెళ్లి మొదటి యూనిట్ నుంచీ రేటు మారుస్తారు. మన సీఎస్ఈ వాళ్ల భాషలో చెప్పాలంటే ఇది వాలు కాదు, ఇఫ్-ఎల్స్. కండిషన్ మారితే మొత్తం బ్లాకే మారిపోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022-23 నుంచి ఈ గ్రూపులు తీసేసి అందరికీ ఒకే శ్లాబులు పెట్టారు, అందుకని అక్కడి మిత్రులకి ఈ గోడ ఉండదు. మెట్లు మాత్రం ఉంటాయి.

తెల్ల రేషన్ కార్డు ఉన్న ఇళ్లకి ఈ గోడ ఇంకా ఎత్తు. 2024 మార్చి బిల్లుల నుంచి వచ్చిన గృహజ్యోతిలో 200 యూనిట్ల దాకా జీరో బిల్లు. దాటిన నెల మాత్రం మొత్తం కట్టాల్సిందే. సున్నా నుంచి ఒకేసారి వెయ్యి పైకి. మాది అలాంటి ఇల్లే. చలికాలంలో 140, 150 దగ్గర తిరిగే మా మీటరు ఏప్రిల్, మే వచ్చేసరికి 200కి అటో ఇటో ఊగుతుంది. నాన్నది చిన్న జిరాక్స్ షాపు. మా ఇంట్లో వెయ్యి రూపాయలంటే నా నెల బస్ పాస్, పైన ఇంకొంత.

అందుకే వేసవిలో మా అమ్మ ఇల్లంతా తిరుగుతూ ఉంటుంది. "ఛార్జర్ పీకినవా బిడ్డా? బాత్రూమ్ లైట్ బంద్ చేసినవా?" దాదాపు అందరి ఇళ్లలో ఇదే డైలాగ్ అనుకుంటా. అమ్మ కష్టం నిజమే. కానీ ఆ కష్టంలో ఎన్ని యూనిట్లు మిగులుతున్నాయి? ఈ వ్యాసం అంతా ఆ లెక్క కోసమే.

ముందు ఒక చిన్న విషయం. ఇంజనీరింగ్ చదువుతున్న మనలో కూడా వాట్లకీ యూనిట్లకీ మధ్య తేడా అడిగితే తడబడేవాళ్లు ఉన్నారు. మనకి బాగా తెలిసిన దాంతో చెప్తాను. వాట్ అంటే డౌన్‌లోడ్ స్పీడ్, ఎంబీపీఎస్ లాంటిది. యూనిట్ అంటే అయిపోయిన డేటా, జీబీ లాంటిది. స్పీడ్ ఎక్కువున్నా రెండు నిమిషాలే వాడితే డేటా పెద్దగా అవ్వదు. స్పీడ్ తక్కువైనా రోజంతా బ్యాక్‌గ్రౌండ్‌లో నడిస్తే ప్యాక్ ఖాళీ. 1000 వాట్ల వస్తువు గంటసేపు నడిస్తే ఒక యూనిట్. 10 వాట్ల వస్తువు 100 గంటలు నడిచినా ఒక యూనిటే. మనం వాట్లకి భయపడతాం, గంటల్ని మర్చిపోతాం. మిక్సీ గర్రుమంటే "కరెంటు బాగా లాగుతుంది" అంటాం. 500 వాట్ల మిక్సీ రోజుకి పది నిమిషాలు తిప్పితే నెలకి రెండున్నర యూనిట్లు. చప్పుడు చెయ్యకుండా మూలన కూర్చున్నవాటి సంగతి చూద్దాం.

చూడటానికి ఏ యంత్రమూ కొనక్కర్లేదు. మీ ఇంటి ఎలక్ట్రానిక్ మీటరు మీద ఒక చిన్న ఎర్ర లైటు మిణుకుమిణుకుమంటూ ఉంటుంది. దాని పక్కన "ఇంప్" అని ఒక నంబరు రాసి ఉంటుంది. మాది 3200. కొన్నిటి మీద 1600, కొన్నిటి మీద 6400 ఉంటుంది. దానర్థం లైటు అన్నిసార్లు వెలిగితే ఒక యూనిట్ అయినట్టు. మా మీటరులో ఒక్క మిణుకు అంటే యూనిట్‌లో 3200వ వంతు. ఐదు నిమిషాల్లో ఎన్నిసార్లు వెలిగిందో లెక్కపెట్టండి, దాన్ని 12తో గుణిస్తే గంట లెక్క. 3200తో భాగిస్తే కిలోవాట్లు వచ్చేస్తాయి. ఫోన్‌లో వీడియో తీసుకుని తర్వాత లెక్కపెట్టుకుంటే ఇంకా సులువు.

ఒక రాత్రి అందరూ పడుకోకముందు పది నిమిషాలు పర్మిషన్ అడిగి లైట్లు, ఫ్యాన్లు, టీవీ అన్నీ ఆపేశాను. ఫ్రిజ్ కంప్రెసర్ ఆగేదాకా ఆగాను. ఇల్లంతా చీకటి. అయినా మీటరు ఆగలేదు. ఐదు నిమిషాల్లో పది మిణుకులు. లెక్క వేస్తే దాదాపు 37 వాట్లు. అంతా "ఆఫ్" అయ్యాక! 37 అంటే చిన్నదే కదా అనిపిస్తుంది, కానీ ఇది ఇరవై నాలుగు గంటలు, ముప్పై రోజులు. నెలకి 27 యూనిట్లు. మా 200లో ఎనిమిదో వంతు కన్నా ఎక్కువ.

ఇక ఒక్కొక్కటే పీకుతూ మళ్లీ లెక్కపెట్టాను. సెట్ టాప్ బాక్స్ తీస్తే పది కాస్తా ఏడయింది, అంటే అది ఒక్కటే సుమారు 11 వాట్లు. రిమోట్‌తో టీవీ ఆపినా ఆ బాక్స్ లోపల మెలకువగానే ఉంటుంది, సిగ్నల్ పట్టుకుంటూ, ఎర్ర చుక్క చూపిస్తూ. మిగిలింది వైఫై రౌటరు, ఇన్వర్టరు. ఇన్వర్టరు బ్యాటరీ నిండిపోయాక కూడా కొంచెం కొంచెం తాగుతూనే ఉంటుంది. దాన్ని ఆపలేం, మా ఏరియాలో వానొస్తే కరెంటు పోతుంది. సెట్ టాప్ బాక్స్‌ని మాత్రం టీవీ చూసే నాలుగు గంటలు తప్ప మిగతా టైములో గోడ దగ్గరే ఆపేస్తే నెలకి ఆరున్నర యూనిట్లు మిగులుతాయి.

మరి అమ్మ పీకమనే ఛార్జరు? ఫోన్ తగిలించకుండా ఊరికే ప్లగ్‌లో ఉన్న ఈ కాలం ఛార్జరు పావు వాట్ తాగుతుందనే అనుకుందాం, నిజానికి మంచివి అంతకన్నా తక్కువే. అలాంటివి నాలుగు నెలంతా ప్లగ్‌లోనే ఉన్నా ముప్పావు యూనిట్ కూడా అవ్వదు. ఫోన్‌కి రోజూ ఫుల్ ఛార్జింగ్ పెట్టినా నెలకి దాదాపు ముప్పావు యూనిటే. ఛార్జర్ తీసేయడం మంచి అలవాటే, పిల్లలున్న ఇంట్లో అయితే సేఫ్టీ కూడా. కానీ మన శ్రద్ధకి కూడా ఒక లిమిట్ ఉంది కదా, అది ముప్పావు యూనిట్ దగ్గర ఖర్చు పెడితే పెద్దవాటికి మిగలదు.

పెద్దది మన నెత్తి మీదే తిరుగుతోంది. మామూలు సీలింగ్ ఫ్యాన్ ఫుల్ స్పీడ్‌లో సుమారు 75 వాట్లు. మన దగ్గర వేసవిలో ఒక ఫ్యాన్ రోజుకి 14 గంటలు తిరగడం ఏమంత విశేషం కాదు. నెలకి 31.5 యూనిట్లు. మూడు ఫ్యాన్లు అలా తిరిగితే 94.5. గృహజ్యోతి 200లో సగానికి దగ్గర ఫ్యాన్లకే పోతోంది, ఇంకా కూలర్ దాకా రాలేదు.

ఆ 75 వాట్లూ గాలిగా మారుతున్నాయా అంటే, లేదు. పాత ఫ్యాన్‌లో ఉండేది ఇండక్షన్ మోటరు. బయటి నుంచి కరెంటు స్టేటర్ చుట్టకి మాత్రమే వెళ్తుంది. అది సృష్టించే అయస్కాంత క్షేత్రం తిరుగుతూ రోటర్‌లో కరెంటు పుట్టిస్తుంది, ఆ కరెంటు వల్ల రోటర్ కూడా అయస్కాంతంలా మారి వెంటపడి తిరుగుతుంది. ఇంత చిన్న సింగిల్ ఫేజ్ మోటరులో ఈ పనిలో చాలా భాగం వేడిగా పోతుంది. రెండు గంటలు తిరిగిన ఫ్యాన్ ఆపి మధ్యలో ఉన్న గుండ్రటి డబ్బాని ముట్టుకుంటే గోరువెచ్చగా తగులుతుంది. ఎండాకాలంలో చల్లదనం కోసం పెట్టుకున్న వస్తువు వేడి పుట్టిస్తోంది, దానికి మనం బిల్లు కడుతున్నాం.

బీఎల్‌డీసీ ఫ్యాన్‌లో రోటర్‌కి శాశ్వత అయస్కాంతాలే అతికించి ఉంటాయి. వాటిలో కరెంటు పుట్టించే పని లేదు. లోపల ఒక చిన్న సర్క్యూట్ బోర్డు ఉండి, ఏ కాయిల్‌కి ఎప్పుడు కరెంటు ఇవ్వాలో ఎలక్ట్రానిక్‌గా మారుస్తూ ఉంటుంది. మనం మైక్రోకంట్రోలర్ ల్యాబ్‌లో బొమ్మ మోటరుతో చేసేదే, కాకపోతే పెద్ద సైజులో. దాదాపు అదే గాలికి 30 వాట్లు చాలు. 14 గంటల లెక్కన నెలకి ఒక్కో ఫ్యాన్ దగ్గర దాదాపు 19 యూనిట్లు మిగులుతాయి. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకి కూడా బీఈఈ స్టార్ లేబుల్ తప్పనిసరి చేశారు, కాబట్టి కొనేటప్పుడు కంపెనీ ప్రకటన కాకుండా ఆ లేబుల్ చూడండి.

ఖరీదు మాటేమిటి? 2700 పెట్టి కొన్నారనుకుందాం. యూనిట్ 4.80 లెక్కన నెలకి 90 రూపాయలు మిగిలితే డబ్బు తిరిగి రావడానికి 30 నెలలు. అందులోనూ చలికాలంలో ఫ్యాన్ తిరగదు, కాబట్టి ఇంకా ఎక్కువే. "అంత అవసరమా" అని నాన్న అన్నది ఈ లెక్క ప్రకారం కరెక్టే. కానీ 200 గోడ దగ్గర ఊగే ఇంటికి ఈ లెక్క చెల్లదు. 210 రావాల్సిన నెల 191 వస్తే మిగిలేది 90 కాదు, గృహజ్యోతి ఉన్న ఇంటికి 1100 చిల్లర. వేసవిలో అలాంటి నెలలు రెండు మూడు తగిలితే చాలు, ఫ్యాన్ డబ్బులు వచ్చేసినట్టే. అదే ఫ్యాన్ నెలకి 120 యూనిట్లు వాడే ఇంటికి గానీ, 350 వాడే ఇంటికి గానీ వేరే లెక్క. సలహాలు చెప్పేవాళ్లు అందరికీ ఒకటే చెప్తారు, అదే నాకు నచ్చదు. మీ మీటరు ఎక్కడ తిరుగుతోందో చూసుకోకుండా ఏ సలహా మంచిదో చెప్పలేం.

ఒక జాగ్రత్త. బీఎల్‌డీసీ ఫ్యాన్ పెట్టాక గోడ మీద పాత రెగ్యులేటరు వాడకూడదు. దాన్ని తీయించండి, లేదా ఫుల్‌లో పెట్టి వదిలేయండి. మా నానమ్మ రూమ్‌లో మాత్రం ఇంకా పాత ఫ్యానే. "రిమోట్ నాతోని కాదు, గోడకు తిప్పేది ఉండాలె" అంటుంది. పోనీ, ఆ రూమ్‌లో ఉన్న పాత పెట్టె రెగ్యులేటరు మార్పించాం. ఆ పాతవి రెసిస్టర్లతో పని చేస్తాయి, స్పీడ్ తగ్గిస్తే మిగిలిన కరెంటుని తామే వేడిగా తగలబెట్టేస్తాయి. ఎలక్ట్రానిక్ రెగ్యులేటరుతో స్పీడ్ తగ్గిస్తే కరెంటు కూడా తగ్గుతుంది.

కూలర్ దగ్గర చాలామంది చేసే పని ఒకటి చెప్పాలి. చల్లదనం బయటికి పోతుందని కిటికీలు, తలుపులు మూసేస్తారు. ఏసీకి అది కరెక్ట్. కూలర్‌కి సరిగ్గా ఉల్టా. కూలర్ చల్లబరిచేది నీళ్లు ఆవిరవడం వల్ల. గది మూసేస్తే గాలిలో తేమ పెరిగి ఇంక ఆవిరి అవ్వదు, జిడ్డు, ఉక్కపోత మిగులుతాయి, స్పీడ్ పెంచుతాం. కూలర్‌ని కిటికీలో బయటి గాలి లాగేట్టు పెట్టి, ఎదురుగా ఇంకో కిటికీ తెరిస్తే మీడియంలోనే సరిపోతుంది. 180 వాట్ల కూలర్ రోజుకి పది గంటలంటే నెలకి 54 యూనిట్లు. మా 150ని 204 చేసే విలన్ అదే. ఏసీ ఉన్నవాళ్లకి ఒక్క మాట: ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు మిగులుతుందని బీఈఈ లెక్క.

వేడి నీళ్ల సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే ఇందులో తప్పించుకునే దారి లేదు. 15 లీటర్ల బకెట్‌ని 25 డిగ్రీల నుంచి 45కి తేవడానికి దాదాపు 0.35 యూనిట్లు కావాలి. గీజరైనా, హీటర్ రాడ్ అయినా అంతే, అది ఇంటర్ ఫిజిక్స్. రాడ్ చవక కాబట్టి కరెంటు కూడా తక్కువ తాగుతుందనుకోవడం భ్రమ. నలుగురికి నాలుగు బకెట్లంటే నెలకి 42 యూనిట్లు. మిగిలేది ఒక్క చోటే, పొగలొచ్చేదాకా కాచి మళ్లీ చన్నీళ్లు కలుపుకోవడం, మిగిలిన వేడినీళ్లు చల్లారిపోవడానికి వదిలేయడం మానేయడం. 1500 వాట్ల రాడ్‌కి ఆ బకెట్ పావుగంట పని. ఇంకో పది నిమిషాలు మర్చిపోతే పావు యూనిట్ పోయినట్టు. ఇంకోటి, రాడ్ స్విచ్ ఆపి ప్లగ్ తీశాకే నీళ్లలో వేలు పెట్టండి.

ఇదంతా ఇల్లు. ఇంట్లో స్విచ్ నొక్కేదీ బిల్లు కట్టేదీ ఒక్కరే. పని చేసే చోట అలా కాదు, అసలు ప్రాబ్లం అక్కడే మొదలవుతుంది.

నాన్న షాపు మధ్యరకం. షాపు మీటరు వేరే, కమర్షియల్ రేటు, జీరో బిల్లు లాంటివి ఏమీ లేవు. జిరాక్స్ మెషీన్‌లో పౌడర్‌ని కాగితానికి అతికించేది ఒక వేడి రోలర్, ఫ్యూజర్ అంటారు. మెషీన్ "రెడీ" అని చూపిస్తోందంటే ఎవరూ రాకపోయినా ఆ రోలర్‌ని ఇస్త్రీపెట్టెలా వేడిగా ఉంచుతోందన్నమాట. ఎనర్జీ సేవర్ బటన్ నొక్కితే దాన్ని చల్లారనిస్తుంది. నేను వెళ్లిన ప్రతిసారీ ఆ బటన్ నొక్కేదాన్ని. నాన్న ఒప్పుకోలేదు. "ఆఫీసు పని మీద వచ్చినాయన అరనిమిషం నిలబడడు బిడ్డా, పక్క షాపుకి పోతడు" అన్నాడు. ఆ మాటలో న్యాయం ఉంది. పని చేసే చోట టైముకి కూడా ఖరీదు ఉంటుంది, అది లెక్కలో వెయ్యకుండా పొదుపు గురించి మాట్లాడితే ఎవరూ వినరు. చివరికి మెషీన్ సెట్టింగ్స్‌లో పదిహేను నిమిషాలు ఎవరూ రాకపోతే దానంతటదే సేవర్‌లోకి వెళ్లేలా పెట్టాం. రద్దీ టైములో అది ఎలాగూ పడుకోదు, మధ్యాహ్నం రెండు గంటలు హాయిగా పడుకుంటుంది. నాన్న బటన్ గురించి ఆలోచించక్కర్లేదు, నేను గుర్తుచెయ్యక్కర్లేదు.

మన కాలేజీ ల్యాబ్‌లో ఆ పని చేసేవాళ్లే లేరు. 60 సిస్టమ్స్. సాయంత్రం అందరూ వెళ్లాక ఒకరోజు లెక్కపెడితే 23 ఆన్‌లో ఉన్నాయి. మానిటర్లు నల్లగా ఉంటాయి కాబట్టి ఆఫ్ అనుకుంటాం, కింద సీపీయూ బాక్స్ వెలుగుతూనే ఉంటుంది. ఈఈఈ వాళ్ల దగ్గర ప్లగ్‌కి పెట్టే వాట్‌మీటర్ అడిగి తెచ్చి కొలిచాం. ఏ పనీ లేకుండా ఊరికే ఉన్నప్పుడు బాక్స్ ఒక్కటే 45 వాట్లు, స్లీప్‌లో 2. సాయంత్రం 5 నుంచి పొద్దున 9 దాకా 16 గంటలు, 23 సిస్టమ్స్, మొత్తం పదహారున్నర యూనిట్లు. మా ఇంటికి రెండున్నర రోజుల కరెంటు, ఒక్క ల్యాబ్‌లో, ఒక్క రాత్రి, ఎవరికీ పనికిరాకుండా. స్క్రీన్‌సేవర్ పెడితే సరిపోతుందని ఇప్పటికీ అనుకునేవాళ్లు ఉన్నారు. పేరులో సేవర్ ఉన్నా అది కరెంటు మిగల్చదు. బొమ్మలు కదలాలంటే మానిటరు వెలగాలి, ప్రాసెసర్ పని చెయ్యాలి.

మన దగ్గర కరెంటులో చాలా భాగం బొగ్గు నుంచే వస్తుంది. ఒక యూనిట్‌కి అటూ ఇటూగా 600, 700 గ్రాముల బొగ్గు కాలుతుంది. సింగరేణిలో ఎవరో భూమిలోకి దిగి తవ్విన బొగ్గు రామగుండం దాకా వెళ్లి కాలి, టవర్ల మీదుగా మన ల్యాబ్‌కి వచ్చి, ఖాళీ కుర్చీ ముందు ఒక లాగిన్ స్క్రీన్ కోసం ఖర్చవుతోంది. రోజుకి పది కిలోల చొప్పున.

"లాస్ట్ వెళ్లేవాళ్లు ఆఫ్ చెయ్యండి" అని తలుపు మీద కాగితం ఎప్పటి నుంచో ఉంది. అందరూ "ఇంకెవరో లాస్ట్" అనుకుంటారు. మనుషులు చెడ్డవాళ్లు అని కాదు, ఆ బిల్లు ఎవరి చేతికీ రాదు, అంతే. కాగితాలతో అయ్యే పని కాదిది.

మన రాష్ట్రాల్లోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని కుదిపేశాక, ఆ నగరంలో దాదాపు 90 వేల వీధి దీపాలు ఎల్ఈడీకి మారాయి. 2015 జనవరిలో ఉజాలా పథకం దేశమంతా మొదలైంది. ప్రభుత్వ సంస్థ ఈఈఎస్ఎల్ కోట్లలో బల్బులు ఒకేసారి కొనడం వల్ల, 2014లో 310 రూపాయలకి కొన్న బల్బు రెండు మూడేళ్లలోనే 38కి వచ్చింది. 36 కోట్లకు పైగా బల్బులు పంచారు. 60 వాట్ల చోట 9 వాట్లు. ఆ పొదుపు కోసం ఎవరూ రోజూ ఏదీ గుర్తుపెట్టుకోలేదు, బల్బు ఒకసారి మార్చారు. ఏసీలదీ అదే కథ. 2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఉన్న ఏసీలు ఆన్ చెయ్యగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలని రూల్ పెట్టారు. 18కి తగ్గించుకోవద్దని ఎవరూ అనలేదు, డిఫాల్ట్ మార్చారు, అంతే. డిఫాల్ట్‌ని మార్చేవాళ్లు ఎంత తక్కువమందో సాఫ్ట్‌వేర్ రాసే మనకి ఇంకొకరు చెప్పాలా?

ల్యాబ్‌లో మేము చేసింది కూడా అదే. రోజూ సాయంత్రం ఆరింటికి షట్‌డౌన్ కమాండ్ నడిచేలా టాస్క్ షెడ్యూలర్‌లో పెట్టాం. ముందు పది నిమిషాలు స్క్రీన్ మీద వార్నింగ్ వస్తుంది, ఎవరైనా పని చేస్తుంటే ఒక క్లిక్‌తో ఆ రోజుకి ఆపుకోవచ్చు. ఆ ఆపుకునే దారి లేకపోతే ప్రాజెక్ట్ రాసుకుంటున్న సీనియర్ ఒకరు మర్నాడే మొత్తం తీసేయించేవాళ్లు. ల్యాబ్ అసిస్టెంట్ సార్ మొదట ఇరవై సిస్టమ్స్‌కే పర్మిషన్ ఇచ్చారు. రెండు వారాలు చూసి మిగతా నలభైకి కూడా పెట్టమన్నారు. రెండు సిస్టమ్స్‌లో మాత్రం రాత్రిపూట బ్యాకప్ నడుస్తుంది, వాటిని వదిలేశాం.

ఇంకా చెయ్యనివి చాలా ఉన్నాయి. సెమినార్ హాల్ ఏసీలు ప్రోగ్రాం అయ్యాక ఎంతసేపు నడుస్తున్నాయో ఇంకా కొలవలేదు. హాస్టల్ బ్లాక్‌కి సబ్‌మీటరు ఉంది, రీడింగ్ రాసే రిజిస్టరు వార్డెన్ గారి దగ్గర ఉంటుంది, చూపిస్తామన్నారు. అది వచ్చాక రాత్రి రెండింటికి హాస్టల్ మీటరు ఎంత మిణుకుతోందో లెక్కపెట్టడానికి ఇద్దరు కావాలి. నిద్ర పట్టనివాళ్లు ఎవరైనా ఉంటే క్లబ్ గ్రూప్‌లో పేరు పెట్టండి.

ఇంటి దగ్గర మా నాన్న ఇప్పుడు ప్రతి ఆదివారం మీటరు ఫొటో తీసి వాట్సాప్‌లో పెడుతున్నాడు. 200ని 30తో భాగిస్తే రోజుకి 6.6 యూనిట్లు. బిల్లు కొట్టిన రోజు నుంచి ఎన్ని రోజులయ్యాయో దానితో గుణించి, మీటరులో తిరిగిన యూనిట్లతో పోల్చి చూసుకుంటాడు. పోయిన ఆదివారానికి 18 రోజులు, 113 యూనిట్లు. ఆరు యూనిట్లు చేతిలో ఉన్నాయన్నమాట. అమ్మ వెంటనే, "అయితే ఇయ్యాల కూలర్ హైలో పెట్టుకుందాం" అని రిప్లై ఇచ్చింది.